సైబీరియన్ ఐరిస్: విత్తనంతో పెంపకం

సైబీరియన్ ఐరిస్ మంచు పడే దేశాల తోటల్లో ఏళ్ల తరబడి బతికే పూలమొక్క. శాస్త్రనామం ఐరిస్ సిబిరికా. ఈ పేరును 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టాడు. మధ్య, తూర్పు ఐరోపా నుంచి సైబీరియా దాకా తడి పచ్చికబయళ్లలో సహజంగా పెరుగుతుంది. శీతకాలంలో ఆకులన్నీ ఎండిపోతాయి. నేలలో పసుపు కొమ్ములా పాకిన కాండం మాత్రం గడ్డకట్టిన మట్టిలోనూ బతికే ఉండి, వసంతంలో గడ్డిపోచల్లాంటి ఆకులు వేస్తుంది. వేసవి మొదట్లో సన్నటి కాడల మీద నీలం, ఊదా రంగుల పూలు పూస్తాయి.

తోటల్లో దీన్ని ఎక్కువగా కుదురు విడదీసి, పిలకలు నాటి పెంచుతారు. అలా నాటిన ప్రతి పిలకా తల్లి మొక్కకు నకలే. విత్తనం సంగతి వేరు. బంబుల్‌బీలు ఒక పూవు పుప్పొడిని మరో పూవుకు చేరవేస్తాయి కాబట్టి, పేరున్న రకం విత్తనం వేస్తే అదే రకం రాదు. నకలు కావాలనుకునేవారికి ఇది లోపం. కొత్త పూవును చూడాలనుకునేవారికి మాత్రం విత్తనం తప్ప వేరే దారి లేదు.

కాయకు మూడు గదులుంటాయి. వేసవి చివర్లో అది పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరిగి, కొన దగ్గర విచ్చుకోవడం మొదలుపెడుతుంది. కోయవలసింది అప్పుడే. ఆలస్యమైతే గింజలు రాలిపోతాయి. గింజలు చదునుగా, అర్ధచంద్రాకారంలో ఉంటాయి.

ఈ గింజను కోసిన వెంటనే వెచ్చటి మట్టిలో వేస్తే సాధారణంగా మొలవదు. శరదృతువులో రాలిన గింజ అప్పుడే మొలిస్తే, లేత మొక్క తొలి మంచుకే చచ్చిపోతుంది. అందుకే చలికాలం గడిచేదాకా గింజ నిద్రలోనే ఉంటుంది. లోపలి పిండం చాలా చిన్నది. దాని చుట్టూ గట్టి ఆహారపు పొర ఉంటుంది. మొలకను అడ్డుకునే పదార్థాలు కూడా గింజలోనే ఉంటాయి. 1940లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎల్. ఎఫ్. ర్యాండాల్ఫ్ ఐరిస్ గింజల మీద పరిశోధన చేసి, పిండాన్ని గింజలోంచి వేరుచేసి పోషక మాధ్యమంలో పెడితే ఎక్కువకాలం ఎదురుచూడకుండానే మొలుస్తుందని చూపాడు. నిద్రపుచ్చేది పిండం కాదు, దాని చుట్టూ ఉన్నవే అన్నమాట.

ఇంటి తోటలో అంత శ్రమ అక్కర్లేదు, చలిని అందిస్తే చాలు. అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి శరదృతువులో గింజలను కుండీలో సుమారు 1 సెంటీమీటరు లోతున విత్తి, ఎలుకలు తవ్వకుండా పైన జల్లెడ వేసి, బయటే వదిలేయడం. వానా మంచూ తమ పని తాము చేస్తాయి. బయట అంత చలి లేకపోతే ఫ్రిజ్ వాడవచ్చు: తడిపిన ఇసుకలో గానీ వర్మిక్యులైట్‌లో గానీ గింజలు కలిపి, సంచిలో కట్టి, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర 8 నుంచి 12 వారాలు ఉంచి, ఆపైన 15–20 డిగ్రీల వెచ్చదనంలో విత్తాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: పొడి గింజలను ఫ్రిజ్‌లో దాచితే ఈ ఫలితం రాదు. గింజ నీళ్లు తాగి ఉబ్బితేనే చలి దాని నిద్రను కరిగించగలదు.

తొలి ఏడాది మొలవని కుండీని పారబోయకూడదు. ఒకే కాయలోని గింజల్లో కొన్ని ఒక వసంతంలో, కొన్ని ఆ మరుసటి వసంతంలో మొలవడం ఐరిస్‌లలో మామూలే. మొలక తొలి ఆకు అచ్చం గడ్డిపరకలా ఉంటుంది కనుక కుండీకి పేరుచీటీ తప్పనిసరి, లేకపోతే కలుపనుకుని పీకేస్తారు. నారు 8–10 సెంటీమీటర్ల ఎత్తుకు ఎదిగాక విడదీసి, ఎండ తగిలే తేమనేలలో నాటుతారు. తొలి వేసవిలో వేళ్లు ఎండనివ్వకూడదు.

విత్తనపు శక్తిని చాటినవారిలో కరియర్ మెక్‌ఈవెన్ (1902–2003) ముఖ్యుడు. న్యూయార్క్‌లో కీళ్లవ్యాధుల వైద్యుడైన ఆయన తర్వాత మెయిన్ రాష్ట్రపు తీరంలో ఐరిస్‌లు పెంచాడు. అప్పుడే మొలిచిన గింజలకు కాల్చిసిన్ అనే పదార్థాన్ని పట్టించి, 28 క్రోమోజోములున్న మొక్కల్లో వాటి సంఖ్యను రెట్టింపు చేశాడు. అలా వచ్చిన మొక్కల పూలరేకులు మందంగా, పెద్దగా ఉంటాయి. కాల్చిసిన్ గౌట్ వ్యాధికి పాత మందు కూడా, అంటే ఆయన వృత్తిలోదే. మన అగ్నిశిఖ గింజల్లోనూ అదే పదార్థం ఉంది. తెలుపూ పసుపూ కలిసిన ఆయన రకం 'బటర్ అండ్ షుగర్'కు 1986లో సైబీరియన్ ఐరిస్‌లకిచ్చే మోర్గన్-వుడ్ పతకం వచ్చింది.

సైబీరియన్ ఐరిస్ దగ్గరి బంధువు ఐరిస్ క్లార్కీ సిక్కిం, డార్జిలింగ్ కొండల్లో పెరుగుతుంది. కానీ తెలుగు మైదానాల వేడిలో సైబీరియన్ ఐరిస్ నిలవదు. ఫ్రిజ్ గింజను మొలిపించగలదు గానీ, ఆపైన ఏటా కావలసిన శీతకాలాన్ని తేలేదు. వేడిని తట్టుకునే బంధువు కావాలంటే ఐరిస్ డొమెస్టికా ఉంది. 2005లో ఐరిస్ ప్రజాతిలో చేర్చిన ఈ జాతికి ఎర్రచుక్కల నారింజ పూలు పూస్తాయి. చలిదేశాల్లో స్థిరపడిన తెలుగువారి పెరళ్లకైతే సైబీరియన్ ఐరిస్సే చక్కగా నప్పుతుంది.

విత్తనపు మొక్క సాధారణంగా రెండో, మూడో ఏడాదిలో పూస్తుంది. తొలి పూత చిన్నగా, కాడలు పొట్టిగా ఉండవచ్చు. అనుభవమున్న పెంపకందారులు ఆ ఏడాదికి రంగు మాత్రం రాసుకుని, మొక్కను ఉంచాలో తీసేయాలో మరుసటి పూతలో తేల్చుకుంటారు.