నంబరు ప్లేటు మూలన రంగు స్టిక్కర్: అంటారియోలో వాహన రిజిస్ట్రేషన్ రెన్యువల్ చరిత్ర

కెనడాలోని అంటారియో ప్రావిన్సులో మోటారు వాహనం ఉన్న ప్రతివారూ నిర్ణీత కాలానికొకసారి రిజిస్ట్రేషన్‌ను రెన్యువల్ చేయించుకొని, రుసుము చెల్లించినందుకు గుర్తుగా చేతికిచ్చే చిన్న రంగు స్టిక్కర్‌ను నంబరు ప్లేటు మూలన అంటించుకోవాలన్న నియమం 1970ల మధ్యకాలం నుంచి 2022 మార్చి వరకు, అంటే దాదాపు అర్ధ శతాబ్దం పాటు అమలులో ఉంది. ప్లేటు మీది అక్షరాలూ అంకెలూ వాహనం ఎవరి పేరిట నమోదైందో తెలియజేస్తే, స్టిక్కర్ మీది నెల, సంవత్సరం ఆ నమోదు ఎప్పటి దాకా చెల్లుతుందో దారిన పోయే పోలీసుకు కూడా తెలిసేలా చేసేవి. రూపంలో అది బహిరంగంగా అంటించిన రసీదు ముక్కకు మించినది కాదు. అయితే కాలక్రమంలో ప్రభుత్వం ఆ రసీదుకు తనకు రావలసిన, కొన్ని సందర్భాలలో ప్రైవేటు సంస్థలకు రావలసిన బకాయిలను కూడా ముడిపెట్టింది. రుసుము రద్దయిన తరువాత కూడా ఆ ముడి విడిపోలేదు గనుక, స్టిక్కర్ చరిత్రను డబ్బు లెక్కగా మాత్రమే చదివితే సగమే తెలుస్తుంది.

మోటారు బండికి గుర్తింపు సంఖ్య ఉండాలన్న ఆలోచన యూరపులో పుట్టింది. 1893లో పారిస్ పోలీసు శాఖ జారీ చేసిన ఉత్తర్వు ఈ కోవలో తొలివాటిలో ఒకటి. అమెరికాలో 1901లో న్యూయార్క్ రాష్ట్రం వాహనాల నమోదును తప్పనిసరి చేసినప్పుడు ప్రభుత్వం ప్లేట్లు ఇవ్వలేదు. యజమానులే తమ పేరులోని పొడి అక్షరాలను బండి వెనుక కనిపించేలా పెట్టుకోవాలని మాత్రం చెప్పింది. అంటారియో 1903లో ఈ దారి పట్టింది. గుర్రపు బళ్ళు నడిచే రోడ్ల మీద కొత్త యంత్రం సృష్టించిన బెదురే ఆనాటి చట్టానికి మూలం. జంతువులను బెదరగొట్టి, మనుషులను గాయపరచి, దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయిన బండి ఎవరిదో తేల్చాలంటే దానికొక సంఖ్య ఉండక తప్పదు. ఆ మొదటి సంఖ్య టొరంటోలోని ప్రసిద్ధ వ్యాపార కుటుంబానికి చెందిన జాన్ క్రెయిగ్ ఈటన్‌కు దక్కింది. తొలి ప్లేట్లు తోలుతో చేసినవి. కొద్దికాలానికి రబ్బరు, ఆ తరువాత లోహం వచ్చాయి. ఆదాయం కోసం కాక ఆచూకీ కోసం పుట్టిన ఈ ఏర్పాటు, రోడ్లు వేయడానికి డబ్బు అవసరమైన కొద్దీ ఏటేటా వసూలు చేసే రుసుముగా స్థిరపడింది.

స్టిక్కర్ రాకముందు రెన్యువల్ అంటే పాత ప్లేటు తీసేసి కొత్త ప్లేటు బిగించుకోవడమే. ఏ సంవత్సరపు ప్లేటుకు ఆ సంవత్సరపు రంగు ఉండేది కాబట్టి గడువు మీరిన బండి దూరం నుంచే పట్టుబడేది. ఈ పద్ధతిలో సౌలభ్యమెంతో ఖర్చూ అంతే. వాహనాల సంఖ్య పెరిగిన కొద్దీ ప్రతి ఏటా లక్షల ప్లేట్లు అచ్చువేసి, పంచి, మరుసటి ఏడు పాతసామానులో వేయవలసి వచ్చేది. లోహం కొరత ఏర్పడినప్పుడు ఇది ఎంత ఇబ్బందికరమో రెండో ప్రపంచ యుద్ధం చూపించింది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 1943 నుంచి కొన్నేళ్ళపాటు సోయా చిక్కుడు నుంచి తీసిన పదార్థంతో ప్లేట్లు చేయించగా, వాటిని పశువులూ కుక్కలూ కొరికి తినేవని చెప్పుకొనేవారు. యుద్ధకాలంలో ఉత్తర అమెరికాలోని పలు ప్రభుత్వాలు ప్లేటును అలాగే ఉంచి సంవత్సరాన్ని తెలిపే చిన్న రేకునో, అద్దానికి అంటించే కాగితాన్నో ఇచ్చి సరిపెట్టాయి. అవసరం నేర్పిన ఆ ఉపాయమే తరువాత శాశ్వత విధానమైంది. అంటారియో 1973లో మూడు అక్షరాలు, మూడు అంకెలు గల, తెలుపు మీద నీలి రాత ఉన్న ప్లేట్లను ఏళ్ళ తరబడి వాడుకొనే ఉద్దేశంతో ప్రవేశపెట్టి, ఆపై సంవత్సరం నుంచి వాటి మీద రంగు స్టిక్కర్లు అంటించే పద్ధతి తెచ్చింది. ప్లేట్ల తయారీ మాత్రం కారాగారాలలోని ఖైదీల చేతిపనిగానే కొనసాగింది.

1982లో జరిగిన మార్పు స్టిక్కర్‌ను అంటారియో జీవనంలో మరింత లోతుగా నాటింది. అప్పటి నుంచి ప్లేటు బండికి కాక యజమానికి చెందింది. కారు అమ్మినవారు ప్లేటు విప్పుకొని తమ దగ్గరే ఉంచుకొని మరో కారుకు బిగించుకోవచ్చు. భారతదేశంలో నంబరు సాధారణంగా బండితోపాటే కొత్త యజమానికి వెళుతుంది గనుక, బ్రాంప్టన్, మిస్సిసాగా ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది మొదట వింతగానే తోస్తుంది. ప్లేటు మనిషిదైనప్పుడు గడువు కూడా మనిషిని బట్టే ఉండవచ్చు కాబట్టి, రెన్యువల్ తేదీని యజమాని పుట్టినరోజుకు జతచేశారు. అందరి గడువూ ఒకేసారి ముగిసి కార్యాలయాల ముందు బారులు తీరే బాధ దీనితో తప్పింది. పుట్టినరోజు నాడు ప్రభుత్వానికి కానుక చెల్లించే ఏర్పాటు పాలనాపరంగా ఎంత తెలివైనదో, ప్రజల దృష్టిలో అంత చిరాకైనది.

ఏ పౌరుడైనా తప్పించుకోలేని కౌంటర్ ఒకటి దొరికితే ప్రభుత్వాలు దాన్ని ఒక పనికే పరిమితం చేయవు. 1980లో వాహన బీమా తప్పనిసరి కావడంతో స్టిక్కర్ కోసం వచ్చినవారు బీమా వివరాలు కూడా చూపవలసి వచ్చింది. చెల్లించని పార్కింగ్ జరిమానాలు రికార్డులో ఉంటే అవి కట్టేదాకా స్టిక్కర్ ఇవ్వరాదన్న నియమం వచ్చింది. 1999లో డ్రైవ్ క్లీన్ పేరిట పొగ పరీక్షల కార్యక్రమం మొదలయ్యాక, నిర్ణీత వయసు దాటిన కార్లు పరీక్ష నెగ్గితే గాని రెన్యువల్ కుదిరేది కాదు. 2019లో సొంత కార్ల విషయంలో ఆ కార్యక్రమం ముగిసింది. 2017 మే నుంచి వేగం మీరడం వంటి డ్రైవింగ్ నేరాల జరిమానా బకాయిలు కూడా ఈ జాబితాలో చేరాయి.

వీటన్నిటిలో వివాదాస్పదమైనది 407 నంబరు హైవే కథ. టొరంటోకు ఉత్తరంగా సాగే ఈ రోడ్డు 1997లో ప్రారంభమైంది. దాని మీద టోల్ గేట్లు లేవు; కారులోని చిన్న పరికరం ద్వారానో, ప్లేటును ఫొటో తీసే కెమెరాల ద్వారానో ప్రయాణాన్ని నమోదు చేసి, బిల్లును ఇంటికి పంపుతారు. ఆపే గేటు లేని చోట డబ్బు ఎగవేసేవారిని ఎలా పట్టుకోవాలన్న ప్రశ్నకు చట్టం చూపిన జవాబు స్టిక్కర్: టోల్ బాకీ ఉన్న వ్యక్తి ప్లేటును ప్రభుత్వ రిజిస్ట్రార్ రెన్యువల్ చేయరాదు. 1999లో ఆ రోడ్డును 99 ఏళ్ళ లీజుకు ప్రైవేటు సంస్థకు ఇచ్చినప్పుడు ఈ అధికారపు ప్రయోజనం కూడా దానితోపాటే వెళ్ళింది. బిల్లుల విషయంలో ఫిర్యాదులు రావడంతో 2000లో ప్రభుత్వం ఈ నిరాకరణను నిలిపివేయగా, వ్యాజ్యం నడిచి, కోర్టు తీర్పు తరువాత 2006లో అది తిరిగి మొదలైంది. 2015లో కెనడా సుప్రీం కోర్టు మరో చిక్కు తేల్చింది. దివాలా చట్టం కింద రుణవిముక్తి పొందిన వ్యక్తి పాత టోల్ బాకీని వసూలు చేయడానికి ప్లేటు నిరాకరణను సాధనంగా వాడడం ఆ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. రసీదు ముక్క ఒకటి దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళడం మామూలు సంగతి కాదు. రోడ్డు మీద బండి నడిపే హక్కును అప్పుల వసూలుకు ఏమేరకు తాకట్టు పెట్టవచ్చన్నదే అక్కడి అసలు వాదం.

రుసుము కూడా పెరుగుతూ పోయింది. దక్షిణ అంటారియోలో 2010లో సొంత కారుకు ఏడాదికి 74 డాలర్లుండగా, దశాబ్దం రెండో సగానికి 120 డాలర్లకు చేరింది. ఉత్తర ప్రాంతవాసులు అందులో సగం చెల్లించేవారు. బ్రిటన్‌లో 1921 నుంచి ఇటువంటి పనే చేసిన గుండ్రని పన్ను బిళ్ళను కారు అద్దానికి తగిలించేవారు. వివరాలన్నీ కంప్యూటర్లలోకి చేరాక 2014 అక్టోబరులో దాన్ని రద్దు చేశారు గాని, పన్నును మాత్రం వదులుకోలేదు. తెలుగు రాష్ట్రాలది వేరొక మార్గం. ఇక్కడ సొంత కారుకూ ద్విచక్ర వాహనానికీ కొన్ననాడే లైఫ్ ట్యాక్స్, అంటే జీవితకాలపు పన్ను, ఒకేసారి కట్టేస్తారు; రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు చెల్లి, ఆ తరువాతే ఐదేళ్ళకొకసారి రెన్యువల్ అవసరమవుతుంది. ఏటా కౌంటర్‌కు వెళ్ళే అవసరమే లేకపోవడంతో, ఆ కౌంటర్ దగ్గర ఇతర బాకీలు వసూలు చేసే అలవాటు కూడా ఇక్కడ ఆ స్థాయిలో పెరగలేదు.

స్టిక్కర్‌కు దొంగల బెడద కూడా ఉండేది. అంటించాక ఊడదీయడానికి వీలు లేకుండా తయారుచేసినా, ఇతరుల ప్లేటు నుంచి గీకి తీసుకొనేవారు ఉండనే ఉన్నారు. 1996లో దుకాణ సముదాయాలలో నెలకొల్పిన స్వయంసేవా యంత్రాలు, కార్డుల సమాచారం దొంగిలించే మోసాల కారణంగా 2012లో మూతపడ్డాయి. ఇంతలో ప్లేటును కెమెరాతో చదివి క్షణాలలో రికార్డుతో సరిపోల్చే యంత్రాలు పోలీసు వాహనాలలోకి వచ్చాయి. కంటితో చూసే రంగు గుర్తు అవసరం దానితో తీరిపోయింది. విచిత్రమేమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే, 2020లో, అంటారియో తెచ్చిన కొత్త నీలి ప్లేట్లు రాత్రివేళ సరిగా చదవలేకుండా ఉన్నాయని తేలి, కొద్ది నెలలకే ఉపసంహరించవలసి వచ్చింది.

2022 మార్చి 13న సొంత కార్లు, తేలికపాటి ట్రక్కులు, మోటారు సైకిళ్ళు, మోపెడ్లకు స్టిక్కర్‌నూ రుసుమునూ రద్దు చేసి, 2020 మార్చి నుంచి చెల్లించిన రుసుమును యజమానులకు చెక్కుల రూపంలో తిరిగి పంపించారు. ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వదులుకోవడం ఖజానాకు చిన్న విషయం కాదు; ఆ ఏడాది జూన్‌లోనే ప్రావిన్సు ఎన్నికలు జరిగాయన్న సంగతినీ ప్రతిపక్షాలు గుర్తుచేయకపోలేదు. అయితే రద్దయింది రుసుమే గాని రెన్యువల్ కాదు. గుర్తుచేసే స్టిక్కరూ, కట్టవలసిన డబ్బూ లేకపోయేసరికి లక్షలాది మంది గడువు సంగతే మరిచిపోయి, తెలియకుండానే చట్టం దృష్టిలో చెల్లని ప్లేట్లతో తిరిగారు. దీనికి విరుగుడుగా 2024 జూలై 1 నుంచి రెన్యువల్ దానంతట అదే జరిగే ఏర్పాటు తెచ్చారు. బీమా సక్రమంగా ఉండి, జరిమానాలూ టోల్ బాకీలూ లేనివారికే అది వర్తిస్తుంది. మిగిలినవారు ముందు అవి చెల్లించాలి. భారీ వాణిజ్య వాహనాల యజమానులు మాత్రం మునుపటిలాగే రుసుము కడుతున్నారు.