కారవాజ్జో ‘మరియమాత మరణం’: ఒక తిరస్కరణకు కారణాల పరిశీలన

1601 జూన్‌లో లయెర్జియో కెరుబీని అనే న్యాయవేత్త రోమ్‌లోని శాంతా మరియా దెల్లా స్కాలా దేవాలయంలో తన ప్రార్థనామందిరం కోసం మికెలాంజెలో మెరీసి ద కారవాజ్జో (1571–1610)కు ఒక చిత్రం పురమాయించాడు. అంతకు ముందే కొంతరెల్లి మందిరంలోని మత్తయి చిత్రాలతో కారవాజ్జో పేరు రోమ్ అంతటా మారుమ్రోగింది. అయినా ఈ చిత్రాన్ని ఆ దేవాలయ కార్మలైట్ సన్యాసులు స్వీకరించలేదు.

సుమారు 3.7 మీటర్ల ఎత్తు గల ఈ పటంలో మరియ బల్ల మీద నిర్జీవంగా పడి ఉంటుంది. ఉబ్బిన దేహం, నగ్నమైన పాదాలు, వాలిపోయిన చేయి. ముందు భాగంలో ముఖం దాచుకొని విలపిస్తున్న మగ్దలేన మరియ, ఆమె చెంత ఒక రాగి పళ్ళెం. దేవదూతలు లేరు, స్వర్గం లేదు. దివ్యత్వానికి గుర్తు సన్నని కాంతివలయం ఒక్కటే. పేదయింటి చావుకూ దీనికీ తేడా అంతే.

తిరస్కరణకు సమీపకాలపు రచయితలు చెప్పిన కారణాలు ఒక్కటి కావు. ఒక వేశ్యను నమూనాగా తీసుకోవడమే దోషమని వైద్యుడు మంచీని వ్రాశాడు; కాళ్ళు బయటపడటం, ఉబ్బిన శరీరం కారణాలని బాల్యోనే 1642లో ప్రచురించాడు. బాల్యోనే లోగడ కారవాజ్జోపై పరువునష్టం దావా వేసినవాడు గనుక అతని సాక్ష్యాన్ని జాగ్రత్తగా స్వీకరించాలి.

ఈ జీవితచరిత్రల కంటే బలమైన ఆధారం ప్రత్యామ్నాయ చిత్రంలో ఉంది. ఆ పని కార్లో సారచేనీకి అప్పగించగా, అతడు మరియను సజీవంగా, ప్రార్థిస్తూ కూర్చున్నట్టు చిత్రించాడు. అందులో నమూనా వివాదం లేదు, ఉబ్బిన దేహమూ లేదు. అయినా మొదటి రూపం చెల్లలేదు. పైభాగంలోని దేవాలయ వాస్తును తొలగించి దేవదూతల బృందాన్ని చేర్చిన తరువాతనే ఆమోదం లభించింది. కనుక సన్యాసులకు కావలసింది మర్యాద మాత్రమే కాదు. మరణం వెనుక స్వర్గారోహణ కంటికి కనబడాలి. కారవాజ్జో చిత్రించినది ఆ వాగ్దానం ఇంకా నెరవేరని క్షణాన్ని.

1606 మేలో రనుచ్చో తొమస్సోనిని చంపి చిత్రకారుడు రోమ్ విడిచి పారిపోయాడు. మరుసటి ఏడు రూబెన్స్ సలహాపై మాంతువా ప్రభువు ఆ పటాన్ని కొన్నాడు. పంపేముందు వారం రోజులు రోమ్‌లో ప్రజలకు ప్రదర్శించవలసి వచ్చింది, కోరినవారు చిత్రకారులే. తరువాత అది ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్‌కు, ఆపైన పద్నాలుగవ లూయీకి చేరి, ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. స్కాలా దేవాలయంలో మాత్రం నేటికీ సారచేనీ చిత్రమే ఉంది.