ఆస్బరీ పార్క్: ఒక సముద్రతీర నగరం క్షీణత, పునరుద్ధరణ

పరిచయం

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, అట్లాంటిక్ తీరాన ఆస్బరీ పార్క్ అనే చిన్న నగరం ఉంది. దాని విస్తీర్ణం సుమారు 4 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఒకప్పుడు పేరుపొందిన విహారకేంద్రమైన ఈ నగరం ఇరవయ్యో శతాబ్దం చివరినాటికి దాదాపు శిథిలమై, ఆ తరువాత సంగీతం, కళలు, భోజనశాలల ఆధారంగా కోలుకుంది. ఈ పరిణామాన్ని అధ్యయనం చేసేటప్పుడు రెండు ప్రశ్నలను గుర్తుంచుకోవాలి. నగరం ఎందుకు క్షీణించింది? కోలుకున్నప్పుడు ఆ మేలు ఎవరికి దక్కింది?

రైలు పట్టాలకు ఇరువైపులా

న్యూయార్క్‌లో బ్రష్‌ల తయారీతో ధనవంతుడైన జేమ్స్ ఎ. బ్రాడ్లీ 1871లో ఈ నగరాన్ని స్థాపించాడు. మెథడిస్టు బిషప్ ఫ్రాన్సిస్ ఆస్బరీ పేరును దానికి పెట్టాడు. సముద్రం ఒడ్డున బోర్డ్‌వాక్, అంటే చెక్కలు పరిచిన నడకదారి, దాని వెంట హోటళ్లు, వినోదశాలలు వెలిశాయి. 1920ల చివర నిర్మాణం మొదలైన కన్వెన్షన్ హాల్ నేటికీ నగరానికి గుర్తుగా నిలిచి ఉంది.

ఆ హోటళ్లలో వంట చేసినవారు, బట్టలు ఉతికినవారు, గదులు శుభ్రం చేసినవారిలో ఎక్కువమంది నల్లజాతీయులు. వారు రైలు పట్టాలకు పడమటి వైపున, ఇటలీ నుంచి వలస వచ్చినవారితోనూ యూదులతోనూ కలిసి నివసించారు. తూర్పున ఉన్న సముద్రతీరం వారికి పనిచేసే చోటే గాని, సేదదీరే చోటు కాలేదు. 1880లలోనే బ్రాడ్లీ నల్లజాతీయులను తీరానికి, బోర్డ్‌వాక్‌కు దూరంగా ఉంచే ప్రయత్నం చేశాడు. ఆ కారణంగా పడమటి భాగంలో స్ప్రింగ్‌వుడ్ అవెన్యూ వారి సొంత వీధిగా ఎదిగింది. దుకాణాలు, చర్చిలు, జాజ్ సంగీతశాలలతో అది కళకళలాడింది.

క్షీణతకు కారణాలు

క్షీణతకు బాహ్య కారణాలు, అంతర్గత కారణాలు రెండూ ఉన్నాయి. 1950లలో గార్డెన్ స్టేట్ పార్క్‌వే అనే రహదారి ఏర్పడింది. రైల్లో ఆస్బరీ పార్క్‌కు వచ్చే కుటుంబాలు కార్లలో మరింత దూరపు తీరాలకు వెళ్లసాగాయి. చుట్టుపక్కల వెలసిన షాపింగ్ మాల్స్ నగరంలోని వ్యాపారాన్ని దెబ్బతీశాయి.

అంతర్గత కారణం జాతివివక్ష. వేసవిలో తీరం వెంట దొరికే ఉద్యోగాలు బయటినుంచి వచ్చిన తెల్లజాతి యువకులకు దక్కుతున్నాయని పడమటి భాగంలోని యువతలో తీవ్ర అసంతృప్తి ఉండేది. ఇళ్ల దుస్థితి దానికి తోడైంది. 1970 జూలైలో చెలరేగిన అల్లర్లు కొన్ని రోజులపాటు సాగాయి. మంటల్లో ఎక్కువగా నష్టపోయింది స్ప్రింగ్‌వుడ్ అవెన్యూయే. కాలిన భవనాలను తొలగించిన స్థలాలు దశాబ్దాలపాటు ఖాళీగా ఉండిపోయాయి. నగర పతనానికి ఈ అల్లర్లే కారణమని తరచుగా చెబుతారు. అయితే అప్పటికే మొదలైన క్షీణతను అవి వేగవంతం చేశాయని చెప్పడమే సరైనది.

కళలు నిలిపిన పేరు

ఈ పతనదశలోనే నగరంలో కొత్త సంగీతం పుట్టింది. 1968 నుంచి 1971 వరకు కుక్‌మన్ అవెన్యూలో ఒక చెప్పుల దుకాణం పైన నడిచిన అప్‌స్టేజ్ క్లబ్‌లో యువ సంగీతకారులు రాత్రంతా వాయించేవారు. వారిలో ఒకరైన బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1973లో తన మొదటి ఆల్బమ్‌కు ఈ నగరం పేరే పెట్టాడు. 1974లో స్టోన్ పోనీ క్లబ్ ప్రారంభమైంది. వీటివల్ల నగరం పేరు నిలిచింది గాని, నగరం నిలదొక్కుకోలేదు. 1980లలో తీరప్రాంతం కోసం భారీ ప్రణాళిక వేసిన నిర్మాణసంస్థ దివాలా తీసింది. అది సగంలో వదిలేసిన బహుళ అంతస్తుల భవనపు అస్థిపంజరం 2006 వరకు తీరంలో అలాగే నిలిచి ఉంది.

పునరుద్ధరణ దశ

భారీ ప్రణాళిక విఫలమైన చోట చిన్న ప్రయత్నాలు ఫలించాయి. 1990ల చివరినుంచి, ముఖ్యంగా స్వలింగసంపర్క సమాజానికి చెందినవారు, తక్కువ ధరకు దొరికిన విక్టోరియా కాలపు ఇళ్లను కొని బాగుచేసుకున్నారు. కుక్‌మన్ అవెన్యూలో మూతపడిన దుకాణాల స్థానంలో చిత్రశాలలు, కాఫీ హోటళ్లు, రెస్టారెంట్లు వచ్చాయి. సముద్రస్నానం ఆదాయం వేసవికే పరిమితం. మంచి భోజనం, సంగీతం మాత్రం చలికాలంలోనూ జనాన్ని రప్పించగలవు. నగర ఆర్థికవ్యవస్థలో ఆహారానికి ప్రాధాన్యం రావడానికి ఇదే ముఖ్యకారణం.

2002లో తీరప్రాంత పునర్నిర్మాణానికి కొత్త ఒప్పందం కుదిరింది. ఈ క్రమంలో 1888 నాటి ప్యాలెస్ వినోదశాలను 2004లో కూల్చివేశారు. ఉద్యమకారుల కృషివల్ల దాని గోడమీది నవ్వుముఖం చిత్రం 'టిల్లీ' మాత్రం దక్కింది. 2012 నాటి శాండీ తుపాను దెబ్బనుంచి నగరం త్వరగానే తేరుకుంది. 2016లో ఒక పాత భవనం 'ది ఆస్బరీ' హోటల్‌గా మారింది. 2018లో తీరంలో భారీ సంగీతోత్సవం మొదలైంది.

మేలు ఎవరికి?

జనాభా లెక్కలు ఇక్కడ ఆలోచింపజేస్తాయి. 2000లో సుమారు 16,900 ఉన్న జనాభా 2020 నాటికి సుమారు 15,200కు తగ్గింది. 2000లో జనాభాలో నల్లజాతీయులు సుమారు 62 శాతం. 2010 నాటికే అది 51 శాతానికి పడిపోయింది. నగరం కోలుకుందని అందరూ చెప్పుకుంటున్న కాలంలోనే నగరవాసుల సంఖ్య తగ్గింది. పాత నివాసులు పెరిగిన అద్దెలు భరించలేక వెళ్లిపోవడం, వారి స్థానంలో ధనికులు చేరడం అనే ఈ ప్రక్రియను పండితులు జెంట్రిఫికేషన్ అంటారు. చౌక అద్దెలే కళాకారులను రప్పించాయి. వారు తెచ్చిన పేరువల్లే అద్దెలు పెరిగాయి. దీనికి స్పందనగా 2021లో నగర పాలకమండలి అద్దె నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది.

సారాంశం

భవనాలను, తీరాన్ని మాత్రమే చూస్తే ఆస్బరీ పార్క్ ఒక విజయగాథ. పట్టాలకు పడమటనుంచి చూస్తే అది అసంపూర్ణ గాథ. 1871లో పుట్టిన నగరానికి పాత విభజన నేటికీ వారసత్వంగా మిగిలింది. కాబట్టి ఏ నగర పునరుద్ధరణను అంచనా వేయాలన్నా కొత్తగా ఎందరు వచ్చారని లెక్కించడంతో సరిపెట్టకుండా, పాతవారిలో ఎందరు నిలవగలిగారో కూడా పరిశీలించాలి.

మాదిరి ప్రశ్నలు

1. ఆస్బరీ పార్క్ క్షీణతకు దారితీసిన బాహ్య, అంతర్గత కారణాలను వివరించండి.
2. నగర పునరుద్ధరణలో కళలు, ఆహారం పాత్రను విమర్శనాత్మకంగా పరిశీలించండి.
3. మీకు తెలిసిన ఒక పాత పట్టణంలో ఇటీవల జరిగిన మార్పులవల్ల ఎవరు లాభపడ్డారో, ఎవరు తావు మారారో స్థానికులను అడిగి ఒక పుటలో రాయండి.