మన చేను లెక్కలే వాళ్ల విత్తనం



1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. అదే ఏడు మైక్రోసాఫ్ట్ హైదరాబాద్ వచ్చింది. మొదట్లో అక్కడ ఎక్కువగా బయటి దేశాలకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే పనే. సొంత ఆలోచనతో కంపెనీ పెట్టేవాళ్ల కోసం 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో టీ-హబ్ మొదలైంది.

ఈ డేటా కంపెనీలు ఎలా పెరుగుతాయో మన పొలం మీదే చెప్తా. 2016లో పటాన్‌చెరు ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో మెసేజ్‌లు పంపారు. దాని వెనకాల 30 ఏళ్ల వాతావరణ లెక్కలున్నాయి. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ప్రకటించారు.

వాళ్లవి పెద్ద సంస్థలే గానీ స్టార్టప్‌ల దారీ ఇదే. పాత లెక్కలు పోగెయ్యాలి, కొద్దిమందితో చేసి చూడాలి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ లెక్కల్లో కలపాలి. రైతులు పెరిగేకొద్దీ సలహాకి గురి కుదురుతుంది, కంపెనీ విలువా పెరుగుతుంది.

అంటే విత్తనం మనదే. 2023లో తెలంగాణ ప్రభుత్వం అడెక్స్ అనే వ్యవసాయ డేటా వేదిక తెచ్చింది. నేల, వాతావరణం, పంటల లెక్కలు స్టార్టప్‌లకు ఒకేచోట దొరకాలని. రైతు సొంత వివరాలు మాత్రం రైతు ఒప్పుకుంటేనే.

అందుకే ఏ యాప్ అయినా సర్వే నంబరు, పంట వివరాలు అడిగితే 'సరే' నొక్కే ముందు అడగండి: ఇవి ఎవరికి పోతాయి? నాకేం వస్తుంది? విత్తనం ఎవరికీ ఊరికే ఇవ్వం కదా!