వ్యాయామానంతర కండరాల నొప్పి - మూలికలు

వ్యాయామానంతర కండరాల నొప్పి అనగా అలవాటు లేని వ్యాయామం గాని, మోతాదుకు మించిన వ్యాయామం గాని చేసిన తరువాత కండరాలలో కలిగే నొప్పి, బిగువు, తాత్కాలిక బలహీనత. ఈ నొప్పిని తగ్గించడానికి, కండరాలు త్వరగా తేరుకోవడానికి అశ్వగంధ, పసుపు, అల్లం, జిన్సెంగ్ వంటి మూలికలను పూర్వం నుండి వాడుతున్నారు. ప్రస్తుతం ఇవి మాత్రలు, గొట్టాలు, పొడుల రూపంలో సప్లిమెంట్లుగా అమ్ముడవుతున్నాయి. వీటిలో కొన్నింటికి పరిమితమైన శాస్త్రీయ ఆధారం ఉన్నది. కొన్ని నిరుపయోగమని పరీక్షలలో తేలినది. కల్తీ వలన క్రీడాకారుల భవిష్యత్తు దెబ్బతిన్న సందర్భాలు కూడా ఉన్నాయి.

నొప్పి ఎందుకు వస్తుంది

ఈ నొప్పి వ్యాయామం చేసిన వెంటనే రాదు. సాధారణంగా 12 నుండి 24 గంటల తరువాత మొదలై, 24 నుండి 72 గంటల మధ్య తీవ్రమై, వారం లోపల దానంతట అదే తగ్గిపోతుంది. అమెరికాకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త థియొడోర్ హఫ్ 1902లో దీనిని వివరిస్తూ, కండరంలోని సూక్ష్మమైన చిరుగులే దీనికి కారణం కావచ్చునని ప్రతిపాదించాడు.

కండరం బరువును మోస్తూనే సాగవలసి వచ్చినప్పుడు ఈ నొప్పి ఎక్కువగా కలుగుతుంది. కొండ దిగడం, మెట్లు దిగడం, ఎత్తిన బరువును నెమ్మదిగా దించడం, బస్కీలు తీసేటప్పుడు కిందికి కూర్చోవడం ఇందుకు ఉదాహరణలు. అప్పుడు కండరపు పోగులలోని అతి చిన్న భాగాలైన సార్కోమియర్లు కొన్ని దెబ్బతింటాయి. వాటిని బాగుచేయడానికి తెల్ల రక్తకణాలు అక్కడికి చేరుతాయి. ఈ వాపు ప్రక్రియలో వెలువడే పదార్థాలు నరాల చివరలను సున్నితం చేయడం వలన, తాకినా కదిపినా నొప్పి తెలుస్తుంది. దెబ్బతిన్న కండరం నుండి క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము రక్తంలోకి చేరుతుంది. కండరానికి ఎంత నష్టం జరిగినదో అంచనా వేయడానికి పరిశోధకులు దీనిని కొలుస్తారు.

కండరాలలో లాక్టిక్ ఆమ్లం పేరుకొనడం వలన మరునాటి నొప్పి వస్తుందనే అభిప్రాయం వ్యాప్తిలో ఉన్నది. ఇది సరికాదు. వ్యాయామంలో పెరిగిన లాక్టేటు సుమారు గంట వ్యవధిలోనే మామూలు స్థాయికి వస్తుంది. పైగా, లాక్టేటు ఎక్కువగా తయారయ్యే ఎగుడు పరుగు కంటె, తక్కువగా తయారయ్యే దిగుడు పరుగే ఎక్కువ నొప్పిని కలిగిస్తుంది.

అదే వ్యాయామాన్ని కొద్ది రోజుల తరువాత మరల చేసినప్పుడు నొప్పి చాలా తక్కువగా ఉంటుంది. ఒకసారి దెబ్బతిని బాగుపడిన కండరం రెండవసారి తట్టుకొనగలగడమే ఇందుకు కారణం. ఏదైనా మూలిక పనిచేసినదా లేదా అని నిర్ణయించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. మూలిక తినడం మొదలుపెట్టిన తరువాత నొప్పి తగ్గినంత మాత్రాన అది మూలిక మహిమ అని చెప్పలేము. అందువలననే పరీక్షలలో కొందరికి మూలికను, కొందరికి అదే రూపంలో ఉన్న ఉత్తుత్తి మాత్రను ఇచ్చి పోల్చిచూస్తారు.

సంప్రదాయ వైద్యంలో

వ్యాయామం ఎంత చేయవలెనో ఆయుర్వేద గ్రంథాలు చెప్పాయి. సుశ్రుత సంహిత, అష్టాంగ హృదయం తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయవలెనని నిర్దేశించాయి. వ్యాయామం చేసేవారికి నూనెతో అభ్యంగనం కూడా విధింపబడినది. చరక సంహిత సూత్రస్థానం నాలుగవ అధ్యాయంలో బలాన్నిచ్చే పది మూలికల సమూహానికి బల్యమని పేరు. అందులో అశ్వగంధ, బల, అతిబల మొదలైనవి ఉన్నాయి.

తెలుగునాట తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీసేవారు నువ్వుల నూనెతో మర్దన చేయించుకొనడం వాడుకలో ఉన్న పద్ధతి. ఒళ్ళు నొప్పులకు వావిలి ఆకు వేసి కాచిన నీటితో స్నానం చేయించడం, శొంఠి కషాయం, పసుపు కలిపిన పాలు ఇవ్వడం ఇళ్ళలో అందరికీ తెలిసిన చిట్కాలు.

ముఖ్యమైన మూలికలు

అశ్వగంధ

అశ్వగంధను తెలుగులో పెన్నేరు అంటారు. దీని శాస్త్రీయ నామం వితానియా సొమ్నిఫెరా. ఇది వంకాయ, మిరప మొక్కల కుటుంబమైన సొలనేసికి చెందినది. వేరుకు గుర్రపు వాసన ఉండుటచే అశ్వగంధ అనే పేరు వచ్చినది. మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మందసౌర్ ప్రాంతాలలో విస్తారంగాను, ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం, కర్నూలు ప్రాంతాలలో కొంత మేరకును పండిస్తారు.

2015లో ప్రచురించబడిన ఒక పరీక్షలో బరువులెత్తే అనుభవం అంతగా లేని 57 మంది పురుషులు పాల్గొన్నారు. కొందరికి రోజుకు రెండు సార్లు 300 మి.గ్రా. చొప్పున వేరు సారాన్ని, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్రను 8 వారాలు ఇచ్చి, అందరిచేత బరువుల వ్యాయామం చేయించారు. బల్ల మీద పడుకొని ఎత్తే బరువు అశ్వగంధ తీసుకొన్నవారిలో సగటున 46 కిలోలు, తీసుకొననివారిలో 26.4 కిలోలు పెరిగినది. వ్యాయామానంతరం క్రియాటిన్ కైనేజ్ పెరుగుదల కూడా మొదటివారిలో తక్కువగా ఉన్నది. ఇవి ఆశ కలిగించే ఫలితాలే. అయితే పాల్గొన్నవారి సంఖ్య తక్కువ. పరీక్షకు వాడిన సారం దానిని తయారుచేసే సంస్థకు చెందినదే. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారిలో బలం ఎటూ వేగంగా పెరుగుతుంది కనుక, ఏండ్ల తరబడి సాధన చేసినవారికి ఇదే మేలు కలుగుతుందని చెప్పలేము.

పసుపు

పసుపు శాస్త్రీయ నామం కుర్కుమా లాంగా. దీనికి రంగునిచ్చే కుర్కుమిన్‌ను 1815లో వోగెల్, పెల్లెటియర్ అనే శాస్త్రవేత్తలు వేరుచేశారు. కుర్కుమిన్‌కు వాపును తగ్గించే గుణమున్నది. 2015లో 17 మంది పురుషులపై జరిగిన ఒక పరీక్షలో, వ్యాయామానికి రెండున్నర రోజుల ముందు నుండి రెండున్నర రోజుల తరువాత వరకు రోజుకు 5 గ్రాముల కుర్కుమిన్ ఇవ్వగా తొడ కండరాల నొప్పి తగ్గినది.

ఇక్కడ మోతాదును గమనించవలెను. పసుపు పొడిలో కుర్కుమిన్ సుమారు 3 శాతం మాత్రమే. 5 గ్రాముల కుర్కుమిన్ కావలెనంటే 160 గ్రాములకు పైగా పసుపు తినవలసి ఉంటుంది. కనుక పాలలో కలిపే చిటికెడు పసుపుకు ఈ పరీక్ష ఫలితాన్ని అన్వయించరాదు. అదియును గాక కుర్కుమిన్ పేగులలో సరిగా ఇంకదు. 1998లో బెంగుళూరు పరిశోధకులు 2 గ్రాముల కుర్కుమిన్‌తో 20 మి.గ్రా. పైపెరిన్ అనే మిరియాల సారాన్ని కలిపి ఇచ్చినప్పుడు రక్తంలో దాని లభ్యత అనేక రెట్లు పెరిగినట్లు కనుగొన్నారు. అందుకే అనేక పసుపు మాత్రలలో మిరియాల సారాన్ని చేరుస్తారు.

అల్లం

అల్లం శాస్త్రీయ నామం జింజిబర్ అఫిసినేల్. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో జరిగి 2010లో వెలువడిన పరిశోధనలో 74 మంది 11 రోజుల పాటు రోజుకు 2 గ్రాముల అల్లం గాని, ఉత్తుత్తి మాత్ర గాని తీసుకొన్నారు. మోచేతి కండరాలతో బరువులు దించే వ్యాయామం చేయించిన 24 గంటల తరువాత, పచ్చి అల్లం తీసుకొన్నవారిలో నొప్పి సుమారు 25 శాతం, వేడిచేసిన అల్లం తీసుకొన్నవారిలో సుమారు 23 శాతం తక్కువగా ఉన్నది. వేడిచేసినందువలన గుణం పెరగలేదు. ఒకే మోతాదుగా ఇచ్చినప్పుడు తక్షణ ఉపశమనం కలుగలేదు. వంటకు వాడే పరిమాణానికి దగ్గరగా ఉన్న మోతాదుతోనే ఫలితం కనిపించడం దీని ప్రత్యేకత.

పరీక్షలో నిలువనివి

పల్లేరు (ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్) పురుష హార్మోనును పెంచి కండను పెంచుతుందని ప్రచారం. 2007లో వెలువడిన పరీక్షలో 22 మంది ఆస్ట్రేలియా రగ్బీ క్రీడాకారులకు రోజుకు 450 మి.గ్రా. చొప్పున 5 వారాలు ఇచ్చినప్పుడు బలంలో గాని, కండలో గాని అదనపు లాభం కనిపించలేదు. రోడియోలా రోజియా అనే చలిదేశపు మూలికను మారథాన్ పరుగెత్తినవారికి ఇచ్చిన పరీక్షలో కండరాల నష్టం తగ్గలేదు. ఆర్నికా నుండి చేసిన హోమియోపతి మాత్రలు కూడా 1998లో దూరపు పరుగువారిపై జరిగిన పెద్ద పరీక్షలో పనిచేయలేదు.

వాపును పూర్తిగా అణచవలెనా

వ్యాయామం తరువాత వచ్చే వాపు కేవలం హాని కాదు. కండరం బాగుపడి మునుపటి కంటె బలపడడానికి అది తొలిమెట్టు. 2009లో జర్మనీలో జరిగిన ఒక పరిశోధనలో విటమిన్ సి, విటమిన్ ఇ లను పెద్ద మోతాదులో తీసుకొన్నవారికి వ్యాయామం వలన కలుగవలసిన కొన్ని మేళ్ళు కలుగలేదు. మూలికలన్నింటికి ఇది వర్తిస్తుందని రుజువు కాలేదు. అయినప్పటికీ, పోటీల మధ్య విరామం తక్కువగా ఉన్నప్పుడు నొప్పి తగ్గించుకొనడం వేరు, సాధన చేసే రోజులన్నింటిలో వాపును అణచివేయడం వేరు అని శిక్షకులు గుర్తించవలసి ఉన్నది.

కల్తీ, నిషిద్ధ పదార్థాలు

ఎఫిడ్రా అనే చైనా మూలిక ఒకప్పుడు అమెరికాలో బరువు తగ్గడానికి, హుషారుకు విరివిగా అమ్ముడయ్యేది. 2003 ఫిబ్రవరిలో స్టీవ్ బెక్లర్ అనే యువ బేస్‌బాల్ క్రీడాకారుడు వడదెబ్బతో మరణించగా, అతడు ఎఫిడ్రా వాడినట్లు తేలినది. 2004లో అమెరికా ప్రభుత్వం ఎఫిడ్రా సప్లిమెంట్లను నిషేధించినది.

భారతదేశంలో ఎక్కువగా చర్చకు వచ్చినది 2011 నాటి జిన్సెంగ్ ఉదంతం. ఆ సంవత్సరం 400 మీటర్ల పరుగుకు చెందిన ఆరుగురు భారత క్రీడాకారిణులు నిషిద్ధ స్టెరాయిడ్ల పరీక్షలో దొరికారు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలోను, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలోను 4×400 మీటర్ల రిలేలో స్వర్ణం గెలిచిన జట్లలోని వారు కూడా వీరిలో ఉన్నారు. తమ విదేశీ శిక్షకుడు చైనా నుండి తెచ్చి ఇచ్చిన జిన్సెంగ్ మాత్రల వలననే ఇది జరిగినదని వారు వాదించారు. శిక్షకుడిని పదవి నుండి తొలగించారు. జాతీయ విచారణ సంఘం 2011 డిసెంబరులో ఒక సంవత్సరం నిషేధం విధించగా, అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2012 జూలైలో దానిని రెండు సంవత్సరాలకు పెంచినది. వారు లండన్ ఒలింపిక్స్‌కు దూరమయ్యారు.

డోపింగ్ నిరోధక నియమాల ప్రకారం తన శరీరంలో దొరికిన ప్రతి పదార్థానికి క్రీడాకారుడే బాధ్యుడు. తెలియక తీసుకొన్నానని చెప్పినంత మాత్రాన తప్పు మాఫీ కాదు, శిక్ష కొంత తగ్గవచ్చును. సీసా మీద మూలిక అని వ్రాసి ఉండడం రక్షణ కానేరదు. పాఠశాల, జిల్లా స్థాయి నుండి జాతీయ పోటీలకు ఎదిగే విద్యార్థులకు ఈ నియమం ముందుగానే తెలిసి ఉండవలెను.

దుష్ఫలితాలు, జాగ్రత్తలు

* అశ్వగంధ వలన కాలేయం దెబ్బతిన్న ఐదు కేసులను ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు 2020లో ప్రకటించారు. వారిలో నలుగురు కోలుకొన్నట్లు నమోదైనది. డెన్మార్క్ 2023లో అశ్వగంధను నిషేధించినది. భారత ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో అశ్వగంధ ఆకును వాడవద్దని, వేరునే వాడవలెనని తయారీదారులకు సూచించినది.
* గర్భిణులు, థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా అశ్వగంధ తీసుకొనరాదు.
* పసుపు సప్లిమెంట్ల వలన కాలేయం దెబ్బతిన్న పది కేసులను 2022లో అమెరికా పరిశోధకులు నివేదించారు. వారిలో ఒకరు మరణించారు. వంటలో వాడే పసుపుకు, గాఢమైన సారానికి తేడా ఉన్నది.
* రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు పసుపు, అల్లం సారాలను పెద్ద మోతాదులో తీసుకొనరాదు.
* కళ్ళు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులోకి మారడం, ఆకలి మందగించడం కనిపిస్తే సప్లిమెంటును ఆపి వైద్యుని సంప్రదించవలెను.
* తీవ్రమైన వ్యాయామం తరువాత కండరాలు విపరీతంగా వాచి, మూత్రం టీ డికాక్షను రంగులో వస్తే అది మామూలు నొప్పి కాదు. కండరం కరిగి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదమున్నది. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

మూలికలు లేకుండా

కండరాలు తేరుకొనడానికి నిద్ర, తగినంత ఆహారం, క్రమంగా పెంచుకొంటూ పోయే వ్యాయామం ముఖ్యమైనవి. క్రమం తప్పకుండా సాధన చేసేవారికి శరీర బరువులో కిలోకు 1.4 నుండి 2 గ్రాముల మాంసకృత్తులు రోజుకు సరిపోతాయని అంతర్జాతీయ క్రీడా పోషణ సంఘం 2017లో సూచించినది. 60 కిలోల బరువున్న విద్యార్థికి ఇది 84 నుండి 120 గ్రాములు. పప్పు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, వేరుశనగల నుండి దీనిని పొందవచ్చును. నొప్పి ఉన్న రోజున నడక వంటి తేలిక కదలిక, మర్దన ఉపశమనాన్నిస్తాయి.

ఇవి కూడా చూడండి

* అశ్వగంధ
* పసుపు
* అల్లం
* కండరం
* వ్యాయామం
* ఆయుర్వేదం