పర్సెంటైల్ చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి?



"మాస్టారూ, క్యాట్‌లో 97 పర్సెంటైల్ వచ్చింది. అంటే సీటు రావడానికి నూటికి 97 పాళ్లు అవకాశం ఉన్నట్టేగా?" అని ఒక అబ్బాయి నన్ను అడిగాడు. ఆ ధీమాతో అతను ఒక్క సంస్థకే దరఖాస్తు పెట్టి ఊరుకున్నాడు. అదే ఏడాది 90 వచ్చిన ఒక అమ్మాయి "నాకింక ఎక్కడా రాదులెండి" అని అసలు దరఖాస్తే పెట్టలేదు. ఇద్దరిదీ ఒకటే పొరపాటు. పర్సెంటైల్‌ను వాళ్లు సీటు దొరికే సంభావ్యతగా చదివారు. ఈ కొలత ఎందుకు పుట్టిందో తెలుసుకుంటే ఆ పొరపాటు మనం చేయం.

పర్సెంటైల్ అనే మాటను 1885లో వాడుకలోకి తెచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. ఆయన వేలాది మంది ఎత్తు, బరువు, చేతి పట్టు కొలిచాడు. ఒక మనిషి మిగిలినవారి మధ్య ఎక్కడ నిలుస్తాడో చెప్పడానికి ఈ కొలతను వాడాడు. అంటే ఇది మొదటినుంచీ వరుసలో మన చోటును చెప్పే అంకె మాత్రమే. 1883లో 'యూజెనిక్స్' అనే మాటను పుట్టించినదీ ఆ గాల్టనే. వరుసలో చోటునే మనిషి విలువగా భావిస్తే ఎంత అనర్థం జరుగుతుందో 20వ శతాబ్దపు చరిత్ర చూపించింది.

ఈ కొలత బిజినెస్ స్కూలు గుమ్మం దాకా ఎలా వచ్చింది? 1953లో అమెరికాలో 9 బిజినెస్ స్కూళ్లు కలిసి, అభ్యర్థులందరికీ ఒకే ప్రవేశ పరీక్ష ఉండాలని తలచాయి. రకరకాల కళాశాలల మార్కులను ఒకే గజంతో కొలవడం కష్టం కదా! 1954లో మొదలైన ఆ పరీక్షకే 1976లో జీమ్యాట్ అనే పేరు వచ్చింది.

మన దేశంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎం.బి.ఏ. మొదలుపెట్టింది. 1961లో కలకత్తా, అహ్మదాబాద్‌లలో తొలి రెండు ఐ.ఐ.ఎం.లు వచ్చాయి. 2015లో విశాఖపట్నంలోనూ ఒకటి ఏర్పడింది. వీటి ప్రవేశ పరీక్షే క్యాట్. 2003 నవంబరులో ప్రశ్నపత్రం బయటికి పొక్కడంతో ఆ పరీక్షను రద్దు చేసి, 2004 ఫిబ్రవరిలో మళ్లీ పెట్టారు. 2009 నుంచి పరీక్ష కంప్యూటరు మీదికి, ఒకటికి మించిన విడతల్లోకి మారింది. ఒక విడత పత్రం తేలిక, మరొకటి కఠినం కావచ్చు. అందుకే మార్కులను ఒకే స్థాయికి సరిచేసి, ఆ తర్వాతే పర్సెంటైల్ లెక్క కడతారు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. పరీక్ష 2 లక్షల మంది రాశారనుకుందాం. 97 పర్సెంటైల్ వచ్చినవారి పైన ఇంకా సుమారు 6,000 మంది ఉంటారు! ఒక సంస్థలో 400 సీట్లున్నాయి, ఇంటర్వ్యూకు 1,200 మందిని పిలుస్తారు అనుకోండి. పరీక్ష రాసిన అందరినీ హారంలో వేస్తే అవకాశం 500లో ఒకటి. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చాక హారం 1,200 అవుతుంది, అవకాశం మూడింట ఒకటి. మనిషి అతనే, సీట్లూ అవే. మనకు తెలిసిన సమాచారం పెరిగింది, దానితో హారం మారింది. కనుక ఎవరైనా "నీ అవకాశం ఇంత శాతం" అంటే, "ఎంతమందిలో?" అని మొదట అడగండి.

ఆ మూడింట ఒకటి కూడా గుంపు సగటే, మీ సొంత అంకె కాదు. సంస్థలు పరీక్షలోని ఒక్కో విభాగానికి కనీస పర్సెంటైల్ అడుగుతాయి. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగ అనుభవం వంటివాటికీ తూకం వేస్తాయి. ఈ తూకాలు సంస్థకూ సంస్థకూ వేరు. రిజర్వేషన్ వల్ల సీట్ల సంఖ్య కూడా వర్గాన్ని బట్టి వేరు. అందువల్ల ఒకచోట పిలుపు రానివారికి మరోచోట రావచ్చు. ఆ అమ్మాయి పోగొట్టుకున్నది సరిగ్గా ఈ అవకాశాన్నే.

చివరగా మీకొక అభ్యాసం. మూడు సంస్థల్లో ఒక్కోచోట మూడింట ఒక వంతు అవకాశం ఉంది. కనీసం ఒకచోటైనా సీటు రావడానికి సంభావ్యత ఎంత? మూడింటా రాకపోయే సంభావ్యత 8/27. దాన్ని ఒకటిలోంచి తీసేస్తే 19/27, అంటే సుమారు 70 శాతం. అయితే ఆ మూడు ఫలితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే ఈ లెక్క నిలుస్తుంది. మూడుచోట్లా చూసేది మీ ఒక్క స్కోరునే, మీ ఒక్క మార్కుల జాబితానే కనుక, అసలు సంభావ్యత ఇంతకన్నా తగ్గవచ్చు. ఎందుకు తగ్గుతుందో మీ మిత్రులతో చర్చించండి. ఆ తర్వాతే దరఖాస్తులు నింపండి. ఒక్కటే నింపి ఊరుకోకండి, ఒక్కటీ నింపకుండానూ ఉండకండి.