మాధ్యమం మారిన ప్రతిసారీ: నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాల్లో కొత్త భాష నేర్చిన విద్యార్థుల చరిత్ర

1. ఉపోద్ఘాతం

1974లో అమెరికా సుప్రీంకోర్టు 'లా వర్సెస్ నికల్స్' కేసులో తీర్పు చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో ఇంగ్లీషు రాని సుమారు 1,800 మంది చైనా సంతతి పిల్లలకు ఎలాంటి ప్రత్యేక బోధన అందడం లేదన్నది అక్కడి ఫిర్యాదు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే ఉపాధ్యాయుడు, ఒకే పాఠ్యప్రణాళిక ఇచ్చినంత మాత్రాన సమానావకాశం కల్పించినట్లు కాదని ఆ న్యాయస్థానం తేల్చింది. వలస వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు నేర్పడాన్ని గురించి రాసేవారు తరచు ఈ తీర్పుతోనే మొదలుపెడతారు. తెలుగువారు ఈ ప్రశ్న కోసం అంత దూరం పోనవసరం లేదు. అంతకు అర్ధశతాబ్దం ముందే హైదరాబాదు నగరంలో, ఊరి నుంచి వచ్చిన తెలుగు విద్యార్థి తనకు రాని భాషలో గణితం, చరిత్ర, భూగోళం చదివాడు. అతడు సముద్రం దాటలేదు, సొంత రాష్ట్ర సరిహద్దైనా దాటలేదు. అయినా తరగతి గదిలో అతడు వలసవచ్చినవాడే.

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఒకదానినొకటి ఆనుకున్న పేటలు. గత వందేళ్లలో ఈ కొద్దిపాటి దూరంలో బాలికల పాఠశాలలు, కళాశాలలు, గ్రంథాలయం, భాషా శిక్షణ సంస్థ, చివరకు పోటీపరీక్షల కోచింగ్ సెంటర్లు వెలిశాయి. నగరంలో అధికార భాష మారిన ప్రతిసారీ కొత్త భాష నేర్వవలసిన ఒక తరం ఇక్కడికి చేరింది. ఆ తరాలకు భాష ఎలా నేర్పారు, ఏ పద్ధతి నిలిచింది, ఏది విఫలమైంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

2. దేశభాషే పరభాష అయిన కాలం

హైదరాబాదు సంస్థాన జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారు, నాలుగోవంతు మరాఠీవారు. ఉర్దూ మాతృభాషగా గలవారు పదోవంతుకు కాస్త అటూ ఇటూ. 1880 దశకంలో పారశీకం స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. 1917 నాటి ఫర్మానాతో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉన్నత విద్య యావత్తూ ఉర్దూలో సాగాలని, ఇంగ్లీషు నిర్బంధ పాఠ్యాంశంగా ఉండాలని దాని నియమం. ఇందుకోసం నెలకొల్పిన అనువాద విభాగం వైద్యం, న్యాయం, విజ్ఞాన శాస్త్రాల గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది, వేలాది పారిభాషిక పదాలను కల్పించింది. ఇంగ్లీషే గతి అనుకుంటున్న దేశంలో ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ విద్యను నడపవచ్చని నిరూపించిన ప్రయోగం ఇది. దాని ఘనతను తక్కువ చేయడం చరిత్రకు న్యాయం కాదు.

కాని నల్లగొండ నుంచో పాలమూరు నుంచో వచ్చిన తెలుగు బాలుడి వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. అతడికి ఇంగ్లీషు ఎంత పరాయిదో బడి ఉర్దూ దాదాపు అంత పరాయిది. బజారులో వినిపించే దక్కనీ మాట వేరు, అరబీ పారశీక పదబంధాలతో నిండిన పాఠ్యపుస్తక భాష వేరు. దేశభాషలో విద్య అన్న ఆదర్శం ఎవరి దేశభాష అన్న ప్రశ్నను దాటవేసింది. ఒక పరభాషను మరో పరభాష ద్వారా నేర్వడం అనే ద్విగుణ భారం తెలుగు, మరాఠీ, కన్నడ విద్యార్థులపై పడింది. 1921 నవంబరులో వివేకవర్ధిని ప్రాంగణంలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోతే సభికులు గేలి చేశారు. దాని ఫలితంగానే నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘం పుట్టిందన్నది తెలిసిన చరిత్రే. ఆ సంఘటనను సాధారణంగా ఆత్మాభిమాన ఘట్టంగా చదువుతారు. బోధనాచరిత్రలో దానికి మరో అర్థం ఉంది. నేర్చుకునేవాడి మొదటి భాషను నలుగురిలో నవ్వులపాలు చేసే చోట రెండో భాష కూడా సరిగా అబ్బదు.

3. నారాయణగూడ: బడి చేసిన ఎంపిక

ఆ జనసంఘం నడిపినవారిలో ముఖ్యుడు మాడపాటి హనుమంతరావు (1885-1970). 1928లో ఆయన పూనికతో మొదలైన ఆంధ్ర బాలికల పాఠశాల తర్వాత నారాయణగూడలో స్థిరపడి, నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. తెలుగు మాధ్యమంలో ఉన్నత పాఠశాల చదువు చెప్పాలంటే ఉస్మానియా గుర్తింపు దొరకదు. అందుకని నిర్వాహకులు పుణేలో ధోండో కేశవ కర్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం కుదుర్చుకున్నారు. పరిపాలనాపరంగా ఇది ఒక ఉపాయం మాత్రమే అనిపించవచ్చు. బోధన దృష్టితో చూస్తే చాలా పెద్ద నిర్ణయం. శాస్త్ర విషయాలన్నీ మాతృభాషలో చెప్పాలి, ఇంగ్లీషును భాషగా తప్పక నేర్పాలి అన్నది కర్వే విశ్వవిద్యాలయ మూలసూత్రం. భాష నేర్వడం, విషయం నేర్వడం అనే రెండింటినీ అది విడదీసింది. ఇంగ్లీషులో వెనకబడిన బాలిక అందువల్ల గణితంలో వెనకబడనవసరం లేదు. ఆ కాలపు హైదరాబాదులో మగపిల్లలకు సైతం దొరకని వెసులుబాటు ఇది. ఉద్యోగార్హత ప్రసక్తి లేనందువల్లనే బాలికల విషయంలో ఈ ప్రయోగానికి చోటు దొరికిందని ఊహించడానికి అవకాశం ఉంది. అదే నిజమైతే, అది వివక్ష నుంచి అనుకోకుండా పుట్టిన మేలు.

మగపిల్లలకు వసతిగృహం ఆ లోటును కొంత పూడ్చింది. నగర కొత్వాలుగా పనిచేసిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టల్ గ్రామాల నుంచి వచ్చిన విద్యార్థులకు తిండి, పడక మాత్రమే కాక గ్రంథాలయాన్నీ ఇచ్చింది. గోలకొండ పత్రికను 1926లో ప్రారంభించిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. పగలు తరగతిలో ఉర్దూ, సాయంత్రం హాస్టల్లో తెలుగు పత్రికలు, చర్చలు. వచ్చిన భాష పోకుండా రాని భాషను అందుకోవడానికి అనువైన ఏర్పాటు ఇది. దీన్ని ఎవరూ బోధనా పద్ధతి అని పిలవలేదు. బహుశా అందుకే అది పనిచేసింది.

నారాయణగూడలోనే 1940లో న్యాయమూర్తి కేశవరావు కొరట్కర్ స్మారకంగా ఆయన కుమారుడు, ఆర్యసమాజ నాయకుడు వినాయకరావు విద్యాలంకార్ కేశవ స్మారక విద్యాసంస్థను నెలకొల్పారు. వెంకటరామారెడ్డి పేరిట మహిళా కళాశాల 1954లో వచ్చింది.

4. తెలుగు నేర్వవలసివచ్చిన తెలుగువారు

రెండు తరాలు ఉర్దూలో చదివిన ఫలితంగా ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడింది. తెలుగు ఇంటి భాషగా ఉండి, తెలుగులో ఒక అర్జీ కూడా రాయలేని విద్యావంతులు తయారయ్యారు. 1943 మేలో రెడ్డి హాస్టల్లో ఆవిర్భవించిన ఆంధ్ర సారస్వత పరిషత్తు ఈ వర్గాన్నే ప్రధానంగా ఉద్దేశించి ప్రాథమిక, ప్రవేశ, విశారద అనే మూడంచెల పరీక్షలను రూపొందించింది. భాషాబోధన చరిత్రలో వీటికి రావలసిన గుర్తింపు ఇంకా రాలేదు. వయోజనుడిని ఒకటో తరగతి బల్లమీద కూర్చోబెట్టక, అతడికి మాట్లాడే భాష ఇదివరకే వచ్చు, లోటు లిపిలోనూ సాహిత్య పరిచయంలోనూ ఉంది అని గుర్తించి, అక్కడి నుంచి మెట్లు కట్టడం వీటి ప్రత్యేకత. ఉద్యోగం చేసుకుంటూనే చదివి పరీక్ష రాయవచ్చు. వాచకం పిల్లల కథ కాదు, కావ్యం. నేర్చుకునేవాడికి ఇప్పటికే తెలిసినదాని మీద కొత్తదాన్ని నిలపాలని తర్వాతి కాలపు భాషాశాస్త్రజ్ఞులు ఎంతో విస్తరించి చెప్పిన విషయం ఇక్కడ ఆచరణలో కనిపిస్తుంది.

సి. నారాయణరెడ్డి (1931-2017) ఉదాహరణ అందరికీ తెలిసిందే. కరీంనగర్ జిల్లా పల్లెలో పుట్టి, ఉన్నత పాఠశాల విద్య ఉర్దూ మాధ్యమంలో ముగించి, ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేసి, ఆచార్యుడై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. విద్యార్థి దశలో ఆయన తెలుగు పుస్తకాలు చదివింది 1901లో సుల్తాన్ బజారులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో. ప్రతిభావంతుడి కథను పద్ధతికి సాక్ష్యంగా చూపడంలో ప్రమాదముంది. గ్రంథాలయం దాకా రాలేక ఆగిపోయినవారి పేర్లు చరిత్రకు దొరకవు.

5. 1948 తర్వాత: ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. ఉర్దూలో అప్పటిదాకా చదివిన విద్యార్థి ఒక్కసారిగా ఇంగ్లీషు ఉపన్యాసాల ముందు కూర్చున్నాడు. మూడు దశాబ్దాల శ్రమతో తయారైన పారిభాషిక పదావళి అక్కరకు రాకుండా పోయింది. ఈసారి కొత్త భాష నేర్వవలసినవారిలో ఉర్దూ మాతృభాషగా గలవారూ చేరారు. పాఠశాలల్లో ప్రాంతీయ భాషా మాధ్యమం రావడంతో తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చిన ఉపాధ్యాయుల కొరత ఏర్పడింది. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చినవారిని నియమించారు. 1952 ముల్కీ ఉద్యమానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఉద్యోగాల కోణం నుంచి ఆ ఉద్యమంపై విస్తారంగా పరిశోధన జరిగింది. తరగతి గది కోణం మాత్రం మరుగున ఉంది. తెలంగాణ పిల్లవాడి ఇంటి తెలుగుకూ, వాచకంలోని తెలుగుకూ, కొత్త ఉపాధ్యాయుడి తెలుగుకూ మధ్య ఉన్న దూరాన్ని పద్ధతిగా దాటించే ప్రయత్నం చేయలేదు. తప్పు అని దిద్దడమే బోధన అయింది. మాతృభాష మాధ్యమం వచ్చినా ఆ పిల్లవాడు మరోసారి కొత్తవాడే అయ్యాడు.

1956 పెద్దమనుషుల ఒప్పందంలో ఈ చరిత్రకు సంబంధించిన ఒక అంశం ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడు తెలుగు జ్ఞానం తప్పనిసరి అనరాదు, నియామకమైన రెండేళ్లలోగా నిర్ణీత తెలుగు పరీక్ష ఉత్తీర్ణులు కావాలి అని అందులో పేర్కొన్నారు. రాజకీయ పత్రంలో ఒదిగి ఉన్నా, భాషాభ్యాసకుడికి గడువు ఇవ్వాలన్న వివేకం దీనిలో ఉంది. ముందు ప్రవేశం, తర్వాత భాష. విద్యాసంస్థలు ఈ క్రమాన్ని తరచు తలకిందులు చేశాయి.

1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడింది. నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికి అదే మూలం. అప్పట్లో దేశమంతటా ప్రచారంలో ఉన్న నిర్మాణాత్మక పద్ధతి ప్రకారం వాక్య నమూనాలను సులభం నుంచి కఠినానికి పేర్చి, పదాలను పరిమితం చేసి, నోటితో పదే పదే అనిపించేవారు. వ్యాకరణ సూత్రాలు బట్టీ పట్టించి అనువాదం చేయించే పాత పద్ధతి కంటే ఇది మెరుగే. అయితే తరగతిలో మాతృభాషను వీలైనంత దూరంగా ఉంచడం దీని లక్షణం. నమూనా వాక్యం తడుముకోకుండా అప్పజెప్పిన విద్యార్థి, తనకు కావలసిన మాట సొంతంగా అనవలసి వచ్చినప్పుడు మౌనం వహించడం ఉపాధ్యాయులందరికీ అనుభవమే. 1979లో బెంగళూరు కేంద్రంగా ఎన్. ఎస్. ప్రభు చేపట్టిన ప్రయోగం ఈ లోపాన్ని సవరించడానికే పుట్టింది. పనిని ముందు పెడితే భాష దాని వెంట వస్తుందని ఆయన వాదం.

అదే 1979లో అశోక్‌నగర్‌కు దగ్గరగా, దోమలగూడ రామకృష్ణ మఠంలో వివేకానంద భాషా సంస్థ ప్రారంభమైంది. తెలుగు మాధ్యమంలో డిగ్రీ ముగించి ఉద్యోగం వెతుక్కునే యువకులు స్పోకెన్ ఇంగ్లీషు కోసం అక్కడికి చేరసాగారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలతో తెలుగులో ఉన్నత విద్య సాధ్యమైంది. ఆ చదువు పూర్తయ్యాక ఇంటర్వ్యూ మాత్రం ఇంగ్లీషులోనే ఎదురయ్యేది. ఈ రెంటి నడుమ సందులోనే నగరంలో స్పోకెన్ ఇంగ్లీషు వ్యాపారం పెరిగింది.

6. అశోక్‌నగర్: నేటి తరగతి

ప్రస్తుతం చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్ గల్లీల్లోని స్టడీ హాళ్లు గ్రూప్స్, సివిల్స్ అభ్యర్థులతో నిండి ఉంటాయి. గ్రూప్-1 ప్రధాన పరీక్షను తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషులలో దేనిలోనైనా రాయవచ్చు. జనరల్ ఇంగ్లీషు పేపరు అర్హత కోసమే. సివిల్స్ ప్రధాన పరీక్షలో ఇంగ్లీషుతో పాటు ఒక భారతీయ భాష పేపరు కూడా అర్హతకు అవసరం. నియమం ప్రకారం భాష అడ్డంకి కాదు. కాని ప్రామాణిక గ్రంథాలు, వార్తా విశ్లేషణలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మాధ్యమ అభ్యర్థి ఇంగ్లీషులో చదివి తెలుగులో రాస్తాడు. చదువుతూనే మనసులో అనువదించుకుంటాడు, పదం దొరకనిచోట తానే కల్పించుకుంటాడు. ఒకప్పుడు ఉస్మానియాలో ఒక విభాగమంతా కలిసి చేసిన పనిని ఇప్పుడు ఒక్కో అభ్యర్థి ఒక్కో నోటుబుక్కులో ఒంటరిగా చేస్తున్నాడు. జిరాక్స్ సెంటర్లలో అమ్ముడుపోయే చేతిరాత మెటీరియల్‌ను పారిభాషిక పదకల్పన దృష్టితో పరిశీలిస్తే మంచి పరిశోధనాంశమవుతుంది.

2022-23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు పాఠ్యపుస్తకాలను ద్విభాషా ముద్రణగా ఇచ్చారు: ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. మాతృభాషను తరగతి నుంచి వెళ్లగొట్టక, రెండో భాషకు ఊతంగా వాడుకోవచ్చన్న అంగీకారం పుస్తకం రూపంలో కనిపించడం విశేషం. ఎదుటి పుటను ఉపాధ్యాయుడు ఎలా వాడతాడన్నదే ఇక తేలవలసింది. పిల్లవాడు తెలుగు పుటలో భావం గ్రహించి ఇంగ్లీషు పుటలో ఆ మాటలను పోల్చుకుంటే అది నిచ్చెన. పరీక్షకు ఇంగ్లీషు పుటను బట్టీ పట్టి తెలుగు పుటను తెరవకపోతే అది అదనపు బరువు మాత్రమే.

తెలుగు నేర్వవలసిన కొత్తవారు కూడా ఈ పేటల బడుల్లో ఉన్నారు. హిందీ, మార్వాడీ, ఒడియా మాట్లాడే కుటుంబాల పిల్లలకు 2018 నిర్బంధ తెలుగు చట్టం వర్తిస్తుంది. సి.బి.ఎస్.ఇ. తదితర బోర్డుల బడుల్లో తెలుగు మాతృభాష కాని విద్యార్థులు 'సింగిడి' వాచకాన్ని అందుకోలేకపోతున్నందున, దాని స్థానంలో సరళమైన 'వెన్నెల'ను తొమ్మిదో తరగతికి 2025-26 నుంచి, పదో తరగతికి 2026-27 నుంచి అనుమతించారు. 1928లో నారాయణగూడ బడి తెలుగు బాలికల కోసం వెతుక్కున్న వెసులుబాటు ఇది. ఈసారి దాన్ని ఇవ్వవలసిన స్థానంలో తెలుగు ఉంది.